పది పౌండ్ల తలుపు

విగన్‌లో అక్టోబరు వాన
పడుతున్నట్టూ ఉండదు, ఆగినట్టూ ఉండదు.
అందులో తడుస్తూ టీవీని చూడ్డానికి వెళ్లాం,
పెళ్లిచూపులకు బయల్దేరినట్టు,
నేనూ, మా ఇంచరా, కారున్నందుకు గారెతూ.

గోడకు వేలాడే పల్చని జాతి కాదిది.
వెనక ఇంత బొజ్జ.
"నాన్నా, దీని కడుపులో ఏముంది?"
"ఏమీ లేదమ్మా, గాలి కూడా లేదు."

పైన బాయిలర్ పక్క చిన్నగదిని
ఆటలగది చేస్తానని మాటిచ్చి ఏడాదైంది.
సంతలో కొన్న ప్లాస్టిక్ తుపాకీ
కొత్త తెరల ముందు పుట్టుగుడ్డి.
గురి ఎంత కుదిరినా బాతు కింద పడదు.
దానికి చూపు రావాలంటే
గీత తర్వాత గీతగా వెలిగే
ఈ పాత గాజే కావాలి.

మోరీన్ ఎంట్‌విజిల్ కోటు జేబుల్లోంచి చేతులు తీయకుండా
"పదిహేను" అంది.
"రిమోట్ లేదు కదండీ."
"సరే, పది. వెనక్కి మాత్రం తేవద్దు."

నేను ఆస్పత్రిలో పోర్టర్ని.
రోజూ పాతికమందిని మంచాలతో సహా తోస్తాను,
లిఫ్టుల్లోకి, ఎక్స్‌రే దాకా,
ఒక్కోసారి కింది అంతస్తు చల్లగదికి.
బరువంటే తెలుసనే అనుకున్నాను.
పద్నాలుగు మెట్లు.
తొమ్మిదో మెట్టు మీద నా నడుము
బుద్ధెరిగాక ఎన్నడూ చేయని చప్పుడు చేసింది.
"పేషెంట్లే నయం" అన్నాడు కింద నుంచి గారెత్,
"చక్రాలుంటాయి."

దానికి తగిన తీగ పద్నాలుగు పౌండ్లు.
కుంచెడు గింజల కూలికి పోతే
తూమెడు గింజలు దూడ మేసిందని
సుభాషిణి తలుపు చాటుకు వెళ్లి మరీ నవ్వింది.

మీట నొక్కితే ఠంగుమని ఒక మోత,
వెనకాలే సన్నని ఈల.
అది ఇంచరకి వినబడింది, నాకు వినబడలేదు.
నా వయసు అంత తేలిగ్గా ఇంకెవరూ చెప్పలేదు.
గాజుకు దగ్గరగా చెయ్యి పెడితే
ముంజేతి వెంట్రుకలు లేచి నిలబడ్డాయి,
పంతులు లోపలికొస్తే క్లాసు లేచినట్టు.

అప్పుడు చూశాం.
ఆటలోని నీలాకాశంలో, కుడివైపున, ఒక తలుపు.
దాని పక్క అరలు. అరల్లో డబ్బాలు,
డబ్బాలు కావచ్చు, మసక.
పై మూలన తేదీ ఉండాల్సిన చోట ఒక మరక.

పదకొండేళ్లు కొట్టు వెనకగదిలో
కెమెరా చూపించిందే చూపించిందట ఈ టీవీ.
రాత్రీ పగలూ అదే తలుపు.
గాజుకి కంఠతా వచ్చేసింది.

బాతులు దాని ముందు నుంచే ఎగురుతాయి.
ఇంచర అన్నిటినీ కాలుస్తుంది,
తలుపు మీదికొచ్చినవాటిని తప్ప.
"ఎవరైనా లోపలికొస్తుంటే?"

ఆదివారం మోరీన్ వచ్చింది, రెండు బస్సులు మారి.
రిమోట్ బిస్కెట్ డబ్బాలో దొరికిందట.
మా గడప దగ్గర బూట్లు చూసి తనవీ విప్పేసింది.
ఒక మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు.
మెట్లెక్కింది. తొమ్మిదో దగ్గర ఆగింది.

తెర ముందు చాలాసేపు నిలబడింది.
ఎవరూ కాల్చకపోయేసరికి
బాతులు వాటి దారిన అవి పోయాయి.
ఏడుస్తుందేమోనని భయపడి
నేను టీ మాట ఎత్తాను.

"అది బిగుసుకుంటుంది" అంది, గాజు మీద వేలు పెట్టి.
"తడికి ఉబ్బుతుంది. కొంచెం పైకెత్తి తోయాలి.
రేపు చిత్రిక పడతా, రేపు పడతా అనేవాడు డెరెక్."
వేలి కింద చిటచిటమంది.

ఇంచర ఏమీ అనకుండా తుపాకీ ఆమె చేతిలో పెట్టింది.
మొదటి బాతు తప్పించుకుంది. రెండోదీ.
మూడోది తిన్నగా తలుపు మీదికే వచ్చింది.
పడింది.

"చక్కెర ఎన్ని చెంచాలు?" అనడిగాను.
"ష్" అంది మోరీన్.